ఆ చేపకు ఒక ఊరుంది

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అక్వేరియం చేపల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలో ఉన్నది బోసెమని రెయిన్‌బో. కింద మాత్రం ‘రంగుల చేప’ అని వేసి ఊరుకున్నారు. ముందు సగం ముదురు నీలం, వెనక సగం నారింజ. రెండు చేపల్ని నడుము దగ్గర కోసి అతికించినట్టుండే ఆ మగ చేపను చూశాక రంగు తప్ప ఇంకేం గుర్తుంటుంది లెండి. పదకొండేళ్లుగా వాటిని పెంచుతున్న నాకే, అవి ఎక్కడివో తెలుసుకోవాలని చాలాకాలం తోచలేదు.

వాటి ఊరు ఇండోనేషియాలో ఉంది. న్యూగినీ దీవి పడమటి కొసన, మ్యాపులో పక్షి తలలా కనిపించే ద్వీపకల్పంలో, అయమారు సరస్సులు, వాటి చుట్టుపక్కల వాగులు. అడవిలో అవి ఉండేది అక్కడే. సున్నపురాయి నేల, తేట నీళ్లు, ఒడ్డంతా నీటిమొక్కలు. మారినస్ బోసెమన్ అనే డచ్ శాస్త్రవేత్త 1950లలో అక్కడ పట్టిన చేపలు చాలా ఏళ్లు మ్యూజియంలోనే ఉండిపోయాయి. వాటికి శాస్త్రీయంగా పేరు పెట్టింది 1980లో. బతికున్న చేపలు బయటి దేశాలకు చేరాక ఇక ఆగలేదు. ఆ దశాబ్దం చివరికి నెలకు దాదాపు 60,000 మగ చేపల్ని పట్టి అమ్మేవారు. ఆడవాటికి అంత రంగుండదు కదా, వాటినెవరు అడుగుతారు! ఇవాళ అది అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది.

‘ఇప్పుడు దొరికేవన్నీ ఫారాల్లో పుట్టినవే కదా, ఇంక బెంగెందుకు’ అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా ట్యాంకులో వీటితోపాటు నీలి రెయిన్‌బోలు నాలుగు వేశాను. అవి పక్క దేశమైన పపువా న్యూగినీలోని కుటుబు సరస్సువి. రెండు సరస్సుల మధ్య 1,300 కిలోమీటర్లకు పైనే దూరం, నడుమ కొండలు. నా ట్యాంకులో మాత్రం ఆ దూరం మూడడుగులు. పచ్చ ఊలు కుచ్చు వేలాడదీస్తే పొద్దుటిపూట దానికి గుడ్లు అంటించేవి. వారం పది రోజులకు పిల్లలు. ఎంత మురిసిపోయానో! నలుగురికి పంచాను కూడా, బోసెమనివేనని చెప్పి. రెయిన్‌బో పిల్లలకు అసలు రంగు రావడానికి నెలలు పడుతుంది. వచ్చాక చూస్తే నారింజ లేదు, నీలమూ సరిగ్గా లేదు, మాసిన గుడ్డలా ఉన్నాయి. రెండు రకాలూ కలిసి పుట్టిన పిల్లలన్నమాట. వాటిని తీసుకున్నవాళ్లు మళ్లీ ఎవరికిచ్చారో ఏమో, ఇప్పటికీ తలుచుకుంటే టెన్షనే.

అందుకే ఈ ఉత్తరం. ఇలాంటి ఫొటో వేసినప్పుడు పక్కన చేప పేరు, దాని సరస్సు పేరు కూడా వేయండి. ఒక్క లైను చాలు. షాపులవాళ్లు కూడా ట్యాంకు మీద ఉట్టి ‘రెయిన్‌బో’ అని కాకుండా ఏ రెయిన్‌బోనో రాస్తే, నాలాంటివాళ్లు రెండు రకాల్ని ఒకేచోట వేసి పిల్లలు తీయించే ముందు కాస్త ఆగుతారు.

ఆ కలగలుపు చేపలు పద్నాలుగు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. తిండి పెడుతున్నాను. అడిగినవాళ్లకు మాత్రం ఇవ్వట్లేదు.

– ఒక పాఠకురాలు