టిక్కు పెట్టే ముందు పిల్లాణ్ణి అడగండి

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, పిల్లల చదువు ఒడియా. మా ఆవిడది టెక్కలి వైపు. ఒడియా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. మా పన్నెండేళ్ల గుంటడు క్లాసులో దిక్కులు చూస్తున్నాడని బడి నుంచి ఒడియాలో ఒక కాగితం పంపారు. ధ్యాస, దిగులు, స్నేహాల మీద 25 ప్రశ్నలు. నిజం కాదు, కొంత నిజం, పూర్తిగా నిజం... ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. 1997లో రాబర్ట్ గుడ్‌మన్ అనే బ్రిటన్ మనోవైద్యుడు ప్రచురించిన ప్రశ్నావళి అది.

కొట్లో బేరాల మధ్య నేను పట్టించుకోలేదు, తప్పు నాదే. పక్కింటి కుర్రాడు చదివి చెబుతుంటే ఆవిడ టిక్కులు పెట్టింది. ఒకచోట ‘చంచల’ అని ఉంటే, ‘చురుగ్గా ఉంటాడా పిన్నీ?’ అన్నాడట. ఏ తల్లి కాదంటుంది? పూర్తిగా నిజం అంది. అది కుదురు లేనితనం కింద లెక్కకెళ్లింది. ‘దిగులు పడతాడా?’ అంటే పరాయి కుర్రాడి ముందు లేదనేసింది.

పదకొండేళ్లు నిండిన పిల్లలు తామే నింపే కాగితం ఇందులో వేరే ఉంది. బడివాళ్లు అది ఇవ్వనేలేదు. తర్వాత బరంపురం తీసుకెళ్తే డాక్టరుగారు మమ్మల్ని బయట కూర్చోబెట్టి వాడితో తెలుగులో మాట్లాడారు. వాడు ఒప్పుకున్నాకే మాకు చెప్పారు: నాయనమ్మ పోయినప్పటి నుంచి రాత్రిళ్లు లేచి, ఊపిరి ఆడుతోందా లేదా అని వాళ్లమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాడట. అందరం ఒకే గదిలో పడుకుంటాం. నిద్రలేని పిల్లాడు పగలు దిక్కులు చూడక ఏం చేస్తాడు?

అల్లరి పెద్దల కంట పడుతుంది. లోపలి భయం పిల్లలే చెప్పాలి. ఇద్దరి జవాబులూ, టీచరు మాటా కలిపి చూసినా అది జల్లెడే, జబ్బు తేల్చదు. మా కాగితం మీద మాత్రం ‘శ్రద్ధ లోపం’ అని ముందే ఎర్ర ఇంకుతో రాసేశారు.

బృందాలు తిరిగి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013 నుంచి ఉంది. 18 ఏళ్ల వరకు పిల్లల్ని చూడాల్సింది ఆ బృందాలే. గజపతి, రాయగడ జిల్లాల్లో తిరిగే బృందాల సంచిలో తెలుగు కాగితాలు కూడా పెట్టించాలని అధికారులను కోరుతున్నాను. కొండల మీది సవర తల్లుల అవస్థ మాకంటే ఎక్కువ, వాళ్ల భాషలో అడిగే మనిషి కావాలి. పదకొండు నిండిన పిల్లల కాగితం అమ్మానాన్నల ఎదుట నింపించవద్దు. ఈలోగా టెన్షన్ పడే తల్లిదండ్రులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

- ఒక తండ్రి, పర్లాకిమిడి, గజపతి జిల్లా