కార్డు పాడవలేదురా, తొందరపడకు

ఒరేయ్,

నీ ఉత్తరం రాత్రే చదివాను. పాత పెంటియం కంప్యూటర్లో ఐఎస్ఏ, అంటే పాత రకం స్లాట్‌లో దిగే సౌండ్ కార్డు బిగించావనీ, పాట మొదలవగానే అర సెకను ముక్క ఒకటే మళ్ళీ మళ్ళీ మోగి సిస్టమ్ హ్యాంగ్ అవుతోందనీ, కార్డు పాడైందేమో పారేస్తాననీ రాశావు. పారేయకురా బాబూ! ఆ ముక్క మోగుతోందన్న మాట చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎందుకో చెప్తా. ముక్క వినిపిస్తోందంటే డీఎంఏ, అదే ప్రాసెసర్ మోయకుండానే మెమరీలోంచి డేటాని కార్డుకి అందించే దారి, బాగానే ఉంది. ఆ ముక్క అయ్యాక "తర్వాతది ఇవ్వు" అని ప్రాసెసర్‌ని పిలవడానికి కార్డు కొట్టే గంటే ఐఆర్‌క్యూ. ఆ గంట వెళ్ళే లైన్లకి నంబర్లుంటాయి. ఆ గంట వినపడక ప్రాసెసర్ కొత్త డేటా నింపడం లేదు. పాతదే గిరగిరా తిరుగుతోంది.

నాకూ అచ్చం ఇదే జరిగింది. మూడు రాత్రులు డ్రైవర్లు తీస్తూ వేస్తూ కూర్చున్నా. తీరా చూస్తే పక్క స్లాట్‌లోని నెట్‌వర్క్ కార్డు ఐఆర్‌క్యూ 5 మీద ఉంది. సౌండ్ బ్లాస్టర్ 16 రకం కార్డులు మామూలుగా అడిగేదీ ఆ 5నే. తర్వాత వచ్చిన పీసీఐ రకం కార్డులైతే ఒకే లైన్‌ని పంచుకోగలవు గానీ, ఐఎస్ఏలో ఆ సర్దుబాటు ఉండదు.

లైన్లు 0 నుంచి 15 దాకా 16 ఉన్నా, ఖాళీవి కొన్నే. టైమర్, కీబోర్డు, ఫ్లాపీ, హార్డ్ డిస్క్ ఎవరి చోట వాళ్ళు ముందే కూర్చుని ఉంటారు. సీరియల్ పోర్టులకి 3, 4, ప్రింటర్‌కి 7. అందుకే దేన్నీ ముట్టుకోకముందు విండోస్ 95 డివైస్ మేనేజర్‌లో పైనున్న 'కంప్యూటర్' మీద డబుల్ క్లిక్ చెయ్యి. ఏ నంబరు ఎవరి దగ్గరుందో మొత్తం కనిపిస్తుంది. కాగితం మీద రాసుకో. ఆ రాసుకోవడమే నా మూడు రాత్రుల్నీ కాపాడేది.

నీ దాంట్లోనూ నెట్‌వర్క్ కార్డే 5 మీద ఉంటే, సౌండ్ కార్డు జోలికి పోకు. పాత డాస్ ఆటలు చాలావరకు దాన్ని 5లోనో 7లోనో వెతుకుతాయి. నెట్‌వర్క్ కార్డునే 10కి పంపెయ్, అది ఖాళీగా ఉంటేనే సుమా. పవర్ తీగ పీకి, కేసు ఇనుముని ఒకసారి తాకి, కార్డు బయటికి తియ్యి. చిన్న పిన్నుల జతల పక్కన తెల్ల అక్షరాలతో నంబర్లు ఉంటాయి. 5 దగ్గరున్న నల్ల ప్లాస్టిక్ టోపీని, అదే జంపర్, నెమ్మదిగా పైకి లాగి 10 పిన్నులకి తొడుగు. మినప గింజంత ఉంటుంది, కింద పడితే దొరకదు, కింద తెల్ల గుడ్డ పరుచుకో. జంపర్లు లేని కార్డయితే దానితో వచ్చిన సెటప్ ప్రోగ్రామ్‌లో మార్చాలి.

మదర్‌బోర్డు మీదే సౌండ్ ఉంటే బయాస్‌లో, అదే మెషిన్ ఆన్ చెయ్యగానే తెరవగలిగే సెట్టింగుల్లో, దాన్ని ఆపెయ్. మెషిన్ మొదలైనప్పుడు దానంతటదే నడిచే ఆటోఎగ్జెక్ ఫైల్‌లో, ఆటలకి సౌండ్ కార్డు నంబర్లు చెప్పే 'బ్లాస్టర్' వాక్యం కూడా చూడు: చిరునామా 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1, 16 బిట్ శబ్దానికి డీఎంఏ 5. కార్డులో ఉన్నదీ అక్కడ రాసిందీ ఒకటే కావాలి, లేకపోతే విండోస్‌లో మోగినా ఆటల్లో మోగదు.

ఒక్కోసారి ఒక్కటే మార్చి పరీక్షించు. ఈ రాత్రే కూర్చో, ఆ కాగితం మీది నంబర్లు నాకూ రాసి పంపు, నేనూ చూస్తా.

నీ
నేస్తం