మంత్రి గారూ, కరెంటుకు చెయ్యి పోగొట్టుకున్న మనిషి ఎవరిని అడగాలి?

విద్యుత్ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నర్సంపేట దగ్గరి ఒక పల్లె నుంచి రాస్తున్నాను. మా బావ కౌలుకు పత్తి పెట్టేవాడు. నిరుడు దసరా దాటాక, మొదటిసారి ఏరిన పత్తి ఎత్తుదామని ట్రాక్టర్ చేన్లోకి తెచ్చి, ఖాళీ ట్రాలీలో నిలబడి తాడు విసరబోతే పైనున్న 11 కేవీ లైను అందుకుంది. ఖాళీ ట్రాలీ అని ఎందుకు చెప్తున్నానంటే, బస్తాల మీద బస్తాలు వేసుకుని ఎక్కాడు, అజాగ్రత్త అని తర్వాత కొందరు సార్లు అన్నారు కాబట్టి. ఒక్క బస్తా కూడా ఎక్కలేదు సార్.

కుడి చెయ్యి మోచేతి కింద తీసేశారు. కరెంటు చేతిలో ఎక్కి కాలి నుంచి దిగింది, ఎడమ పాదంలో రెండు వేళ్లు పోయాయి. కరెంటు గాయం పైకి కనిపించేది కొంచెమే, లోపల కండ కాలుతూ పోతుందని మాకు ఆస్పత్రిలోనే తెలిసింది. మొదట మణికట్టు దాకా తీసి, పైభాగం నల్లబడుతుంటే మళ్లీ ఇంకొంచెం తీశారు. మూత్రం నల్లగా వస్తుంటే కిడ్నీలు కూడా పోతాయేమోనని మా అక్క పడ్డ టెన్షన్ నేను రాయలేను.

ఇక ఆ లైను సంగతి. నల్లరేగడి భూమి, వానలకు స్తంభం ఒరిగింది. ఒరిగిన కొద్దీ తీగ జారింది. గాలికి తీగలు ఒకదానికొకటి కొట్టుకోకుండా మధ్యలో ఎండుకర్ర కట్టి ఉండేది, అది ఎవరు కట్టారో ఊళ్లో ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. చేన్ల మీదుగా పోయే 11 కేవీ తీగ నేల నుంచి కనీసం 4.6 మీటర్ల ఎత్తులో ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లోనే ఉంది, అంటే పదిహేను అడుగులు. ఖాళీ ట్రాలీలో చెయ్యెత్తితే అందిందంటే అది ఎంత కిందికుందో మీ ఇంజినీర్లను అడగండి. లైన్‌మన్‌కు చెప్పాం, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ కూడా చేశాం. స్తంభం కదల్లేదు.

బావ ఆస్పత్రిలో ఉండగా మాత్రం కదిలింది! వారం తిరగకుండా మధ్యలో కొత్త స్తంభం పాతారు, తీగ బిగించారు, కర్ర తీసేశారు. పని బాగా చేశారు, కాదనను. కానీ ఆ తర్వాత ఎవరు వచ్చి చూసినా లైను నిటారుగానే కనిపిస్తుంది కదా. మా తరఫున మిగిలింది పక్క చేను పిలగాడు ఫోన్లో తీసిన రెండు ఫొటోలు. విద్యుత్ చట్టం 2003లో 161వ సెక్షన్ ప్రకారం మనిషికి గాయమైనా సరే, కరెంటు ప్రమాదాలపై విచారణ చేసే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు సమాచారం ఇవ్వాలి. ఇచ్చారా అంటే ఇచ్చామంటారు. రిపోర్టు కాపీ ఏదంటే ఆర్టీఐ పెట్టుకోమంటారు. ఎడమ చేత్తో వేలిముద్ర వేయడం నేర్చుకుంటున్న మనిషిని పట్టుకుని ఆ మాట అంటారు.

పరిహారం సంగతి అడిగితే ఆఫీసులో ఒకాయన మర్యాదగానే చెప్పాడు: "ఎక్స్‌గ్రేషియా అంటే చనిపోయినోళ్లకే కదన్నా." మీ రూల్ అదే అయితే మార్చండి, కాకపోతే గాయపడిన వాళ్లకు ఎంతిస్తారో ప్రతి సబ్‌స్టేషన్ గోడ మీద రాయించండి. రైతు బీమా ఎలాగూ మనిషి పోతేనే, అదీ పట్టా ఉన్నవాళ్లకే. కౌలు రైతు బతికి బయటపడితే ఏ కాగితంలోనూ ఉండడు.

అదే బావను రోడ్డు మీద లారీ గుద్ది ఉంటే? పరిహారం తేల్చడానికి ట్రిబ్యునల్ ఉంది. మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ కింద తప్పెవరిదని నిరూపించకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. కరెంటు తగిలిన వాడికి అలాంటి గుమ్మమే లేదు. సివిల్ కోర్టుకో హైకోర్టుకో పోవాలి, అక్కడ విద్యుత్ సంస్థ లాయరు లేచి "మా నిర్లక్ష్యం లేదు" అంటాడు. ఆ వాదన చెల్లదని సుప్రీంకోర్టు 2002లోనే మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో తేల్చేసింది. రాత్రి సైకిల్ మీద ఇంటికి పోతున్న మనిషి తెగిపడ్డ తీగ తగిలి చనిపోతే, ఎవరో కరెంటు దొంగిలించబోతే తీగ పడిందని బోర్డు చెప్పింది. ప్రమాదకరమైన సరుకు నడిపేది మీరు, తప్పు ఉన్నా లేకపోయినా బాధ్యత మీదే అని కోర్టు అంది. పానిపట్‌లో 2011లో 11 కేవీ తీగ తగిలి రెండు చేతులు, ఒక కాలు పోయిన చిన్న పిల్లాడికి హైకోర్టు 60 లక్షలు ఇస్తే, పై బెంచ్ తగ్గించింది, 2014లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. ఇంత స్పష్టంగా ఉన్నాక కూడా ప్రతి కుటుంబాన్నీ మొదటి మెట్టు నుంచి ఎక్కించడం దేనికి?

దివ్యాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం శాతం రాస్తారు. రెండు చేతులతో పత్తి ఏరి, మందు కొట్టి, అరక పట్టేవాడికి కుడి చెయ్యి లేకపోతే సంపాదనలో పోయింది ఆ శాతమేనా? వైకల్యం శాతం వేరు, సంపాదన నష్టం వేరు అని కూడా 2010లో సుప్రీంకోర్టే చెప్పింది. మీ వాళ్లు లెక్క కట్టేటప్పుడు అది చూడమనండి. కృత్రిమ చెయ్యి ఒకసారి పెడితే అయిపోదు, అరుగుతుంది, మార్చాలి, ఆ ఖర్చు కూడా.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రమాదం జరిగిన చోట లైను బాగుచేసే ముందు తహసీల్దారు సమక్షంలో ఎత్తు కొలిచి ఫొటోలు తీసేలా ఆర్డర్ ఇవ్వండి. ఇన్‌స్పెక్టర్ రిపోర్టు అడగకుండానే బాధితుడి ఇంటికి పంపండి. ఆస్పత్రిలో ఉండగానే మధ్యంతర సాయం ఇచ్చి, మిగతాది తర్వాత తేల్చుకునే పద్ధతి పెట్టండి. చెయ్యి కాలు పోయిన వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దివ్యాంగులకు వకీలును ఉచితంగా ఇస్తారు, ఆదాయంతో పని లేదు. మాకు అలాగే దొరికారు.

బావ ఫైలు లీగల్ ఒపీనియన్‌కు పోయిందని చెప్తున్నారు. కరెంటు సరఫరా ప్రజోపయోగ సేవ కాబట్టి శాశ్వత లోక్ అదాలత్‌లో కూర్చుని తేల్చుకోవడానికి మేం సిద్ధం, అర్జీ కూడా రాసి పెట్టుకున్నాం. మీ అధికారులను ఆ రోజు ఇన్‌స్పెక్టర్ రిపోర్టు పట్టుకుని రమ్మనండి.

ఇట్లు,
నర్సంపేట ప్రాంత రైతు