సగం ఓడతో సినిమా తీసినాయన

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మా పిల్లలూ కులాసాయేనా? మొన్న ఫోన్లో "టైటానిక్‌లో ఏముందిరా, అంతా గ్రాఫిక్సేగా" అని ఒక్క ముక్కలో తేల్చి పారేశావు. పగలూ రాత్రీ రోటో (గ్రాఫిక్స్ కోసం ఒక్కో ఫ్రేములో బొమ్మ అంచులు గీసి వేరుచేసే పని) చేసేవాడివి, నీకన్నీ అలాగే కనిపిస్తాయి. నీతో ఫోన్లో వాదించి గెలవడం నా వల్ల కాదు. ఉత్తరమైతే మధ్యలో అడ్డుపడలేవు కదా, అందుకే రాస్తున్నా.

అసలు ఆ సినిమా డైరెక్టర్ జేమ్స్ కామెరాన్‌కి ప్రేమకథ తియ్యాలన్న కోరిక కన్నా సముద్రం అడుగుకి దిగాలన్న పిచ్చే ఎక్కువ. ఈ మాట ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. 1912లో మునిగి, 1985లో దొరికిన టైటానిక్ ఓడ శిథిలాన్ని కళ్లారా చూడాలి, డబ్బులు మాత్రం స్టూడియో పెట్టాలి! 1995లో రష్యావాళ్ల పరిశోధన నౌక కెల్దిష్ మీద వెళ్లి, మీర్ అనే బుల్లి జలాంతర్గాముల్లో 12 సార్లు కిందికి దిగాడు. లోతు 3,800 మీటర్ల దాకా ఉంటుంది. అక్కడి నీటి ఒత్తిడికి మామూలు కెమెరా నుజ్జయిపోతుంది. అందుకని దానికి ప్రత్యేకంగా కవచం చేయించాల్సి వచ్చింది. ఆ పని చేసిపెట్టింది సొంత తమ్ముడు మైకే.

ఇక ఓడ సంగతికొద్దాం. మెక్సికోలో రొసారిటో దగ్గర సముద్రపు ఒడ్డున ఈ సినిమా కోసమే స్టూడియో కట్టారు. 1.7 కోట్ల గ్యాలన్ల నీళ్లు పట్టే తొట్టి, అందులో 775 అడుగుల ఓడ. నిజం ఓడ 882 అడుగులు. మధ్యలో ఒకేలా ఉండే భాగాలు కొన్ని తీసేసి, పొగగొట్టాల్నీ పడవల్నీ ఓ పది శాతం చిన్నవి చేసి సరిపెట్టారు. తమాషా ఏంటంటే, బయటి వైపు ఒక్క కుడి పక్కే కట్టారు. ఆ తీరంలో గాలి ఎక్కువగా ఒకే వైపు వీస్తుంది, పొగ వెనక్కి పోతున్నట్టు రావాలంటే అదే అనుకూలం. తీరా చూస్తే 1912లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ రేవులో ఓడ నిలబడింది ఎడమ పక్క ఒడ్డుకి ఆనించి! ఏం చెయ్యాలి? ఆ బయల్దేరే సీన్లన్నీ కుడి పక్కనే తీసి, తర్వాత ఫిల్మ్‌ని అద్దంలో బొమ్మలా తిప్పేశారు. అంటే టోపీల మీద, బోర్డుల మీద "వైట్ స్టార్ లైన్" (ఓడ యజమాని కంపెనీ) అన్న అక్షరాలు కూడా ముందే తిరగేసి రాయించాలి. స్క్రిప్టులో కుడికి నడవమని ఉంటే నటుడు ఎడమకి నడవాలి. షూటింగ్ రోజున ఆ అసిస్టెంట్ల టెన్షన్ ఊహించుకో! హీరో జాక్ బొమ్మ గీసే సీన్లోనూ ఇదే కిటుకు. ఆ చేతులు కామెరాన్‌వే, ఆయనది ఎడమ చేతివాటం, జాక్‌ది కుడి.

పెద్ద మెట్ల హాలు మునిగే సీను ఒక్క టేకులోనే అయిపోవాలి. 90,000 గ్యాలన్ల నీళ్లు ఒక్కసారిగా వదిలేసరికి మెట్లు ఇనప పునాది నుంచి ఊడొచ్చాయి. అది గ్రాఫిక్స్ కాదురా బాబూ. చలికి వణుకుతున్నవాళ్ల నోట్లోంచి వచ్చే ఆవిరి మాత్రం చాలావరకు మీ వాళ్ల పనే. మొహాల మీద మంచు ఏమో తడి తగిలితే గడ్డకట్టే ఏదో పొడి, జుట్టుకి మైనం.

అన్నట్టు, 1996 ఆగస్టులో కెనడా నోవాస్కోషియాలో షూటింగ్ జరుగుతుంటే ఎవడో యూనిట్ వాళ్లు తాగే సూపులో మత్తుమందు కలిపేశాడు. యాభై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, కామెరాన్‌తో సహా. చేసిందెవరో ఈనాటికీ తేలలేదు.

ఖర్చు 20 కోట్ల డాలర్లకి చేరింది. 1997 జులైలో రావాల్సిన సినిమా డిసెంబరుకి పోయింది. కామెరాన్ తన పారితోషికం వదులుకున్నాడు. తర్వాతి కథ నీకు తెలిసిందే, పదకొండు ఆస్కార్లు.

ఇంతా చెప్పి ఇప్పుడు నేనే ఆయన మీద పడతాను. ఓడ కట్టిన హార్లండ్ అండ్ వుల్ఫ్ కంపెనీ పాత నక్షాలు సంపాదించి, నేల మీద తివాచీ కూడా అప్పటి కంపెనీ చేతే నేయించిన మనిషి, నిజం ఓడలో ఫస్ట్ ఆఫీసర్‌గా ఉన్న మర్డోక్ విషయంలో అంత తేలిగ్గా ఎలా పోయాడురా? సినిమాలో మర్డోక్ లంచం డబ్బు తీసుకుంటాడు, ప్రయాణికుల్ని కాల్చేస్తాడు, ఆనక తనని తాను కాల్చుకుంటాడు. ఎవరో ఆఫీసర్ కాల్చుకున్నాడని బతికి బయటపడ్డ కొందరు చెప్పిన మాట నిజమే. ఆ ఆఫీసర్ ఇతనే అని మాత్రం రుజువు కాలేదు. స్కాట్లండ్‌లో అతని సొంత ఊరు డాల్బీటీలో జనానికి అతను ఎంతోమందిని పడవలెక్కించిన వీరుడు. వాళ్లకి కడుపు మండింది. చివరికి 1998లో సినిమా తీసిన ఫాక్స్ కంపెనీ పెద్దమనిషి ఒకాయన ఆ ఊరెళ్లి క్షమాపణ చెప్పి, అక్కడి స్కూల్లో మర్డోక్ పేరున ఇచ్చే బహుమతికి 5,000 పౌండ్లు ఇచ్చి వచ్చాడు. జాక్, రోజ్ కల్పనే కదా. ఆ కాల్పులు కూడా ఏదో కల్పిత ఆఫీసర్ చేతిలో పెడితే కథకి ఏం లోటొచ్చేది? తివాచీ తేడాగా ఉంటే అడిగేవాడు లేడు. మనిషికైతే ఊరుంది, బంధువులున్నారు.

దీనికి నువ్వేమంటావో తీరిగ్గా రాయి. "సినిమా అన్నాక స్వేచ్ఛ ఉండాలి" అని మొదలుపెడతావని తెలుసు, అయినా రాయి. అత్తయ్యకి మోకాలి నొప్పి తగ్గిందా? నమస్కారాలు చెప్పానని చెప్పు.

నీ
రాజా