హర్-కీ-దూన్‌కి బయల్దేరే అమ్మణ్ణికి

తిరుపతి

అమ్మణ్ణీ,

శ్రీవారిమెట్టు 2,388 మెట్లూ ఎక్కడా కూర్చోకుండా ఎక్కేస్తావు, సరే. ఆ ధీమాతోనే ఉత్తరాఖండ్ హిమాలయాల్లో ఉన్న హర్-కీ-దూన్‌కి బయల్దేరుతున్నట్టున్నావు. తిరుమల ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. నువ్వు బండి దిగే సాంక్రీయే దాదాపు 1,950 మీటర్లు, చివరికి చేరేది సుమారు 3,560. కాళ్ల బలం చూసి ఎత్తు జాలిపడదు. పలచటి గాలికి ఒళ్లు సర్దుకోవడానికి రోజులు పడుతుంది. బలముందని గబగబా ఎక్కేసినవాళ్లే ముందు మంచాన పడేది.

అందుకని మీ షెడ్యూలులో పగలు ఎంత నడుస్తారని కాదు, రాత్రి ఎక్కడ పడుకుంటారని చూడు. 3,000 మీటర్లు దాటాక పడక ఒక్కో రాత్రికి 500 మీటర్లకు మించి పైకి పోకూడదు. దారిలోని ఓస్లా ఊరి దగ్గర ఒక రాత్రి, కొంచెం పైన ఇంకో రాత్రి, మర్నాడు దూన్ లోయ చూసుకుని మళ్లీ కిందికే వచ్చి పడుకోవడం మంచిది. తలనొప్పితో పాటు తిండి సయించకపోయినా, వాంతి వచ్చినా, తల తిరిగినా ఇంక పైకి అడుగు వెయ్యొద్దు. తగ్గకపోతే దిగిపో. నేలమీద గీత గీసి, మడమకు వేళ్లు ఆనించి నడిపించి చూడండి. తూలితే మెదడు వాస్తోందని అనుమానించాలి. ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుండొచ్చు. ఈ రెంటికీ తెల్లారేదాకా ఆగకూడదు, రాత్రయినా దించాల్సిందే.

ఎత్తు పడక వచ్చే జబ్బుకు ముందుగా వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి డాక్టరును అడుగు. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లయితే ముందే చెప్పాలి. వేసుకున్నాక వేళ్లు చిమచిమలాడతాయి, ఒంటికి మాటిమాటికి వస్తుంది. కంగారు పడకు.

బూట్లు కొత్తవి వద్దు. మెట్లమీద తొడుక్కుని అలవాటు చేసుకుందామంటే, పసుపు కుంకుమలు పెట్టిన మెట్లు, నీకే మనసొప్పదు. అక్కడికి ఉత్త కాళ్లతో వెళ్లు, దమ్ముకు మంచిది. బూట్లను తలకోన అడవి దారిలో మూడు నాలుగు వారాలు నడిపించు, వీపున ఏడెనిమిది కిలోల నీళ్ల సీసాలతో. బయల్దేరే ముందు కాలిగోళ్లు పొట్టిగా తీసెయ్. దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి, చీలమండ దగ్గర లేసు బిగించుకుంటే ఆ బాధ తగ్గుతుంది. పాదం ఎక్కడైనా వేడెక్కినట్టు అనిపిస్తే అప్పుడే ఆగి టేపు వెయ్. బొబ్బ లేచాక వేస్తే చర్మం కూడా ఊడొస్తుంది.

అలిపిరిలో లగేజీ ఇచ్చేసి కొండమీద తీసుకున్నట్టు అక్కడ కుదరదు. కంచరగాడిదలు దొరికినా వానకోటు, నీళ్లు, తిండి, స్వెట్టరు నీ వీపునే ఉండాలి. సంచి మీది కవరు గాలికి ఎగిరిపోతుంది, లోపలే పెద్ద చెత్తకవరు పరిచి అందులో సర్దుకో. నూలు బనియన్లు ఇంట్లో పెట్టు, చెమటకు తడిస్తే ఆరవు, ఆగిన వెంటనే చలి పట్టేస్తుంది. ఉన్ని సాక్సులు మూడు జతలు చాలు, అందులో ఒకటి పడుకోవడానికే. దాన్ని ఎంత తడిసినా నడకకు తియ్యొద్దు.

అన్నం మీద ఆశ పెట్టుకోకు. 3,500 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కరు లేకుండా బియ్యం బిరుసుగానే ఉంటాయి. అటుకులు మేలు, వేడినీళ్లు పోస్తే చాలు. మీ అమ్మ పుట్నాలపొడి, చెనక్కాయ ఉండలు కట్టిస్తుంది. ఆకలి లేకపోయినా గంటకో ఉండ తిను. క్లోరిన్ మాత్ర వేసిన నీళ్లు అరగంట ఆగి తాగాలి, మంచునీళ్లయితే ఇంకాసేపు. రాత్రి సీసా బోర్లా పెట్టు, గడ్డకట్టినా మూతి దగ్గర నీళ్లే ఉంటాయి.

వాగులు పొద్దున్నే దాటేయండి, ఎండెక్కేకొద్దీ మంచు కరిగి నీరు పెరుగుతుంది. మధ్యాహ్నం మబ్బు పడుతుంది కాబట్టి ఆరున్నరకల్లా నడక మొదలవ్వాలి.

దేవదారులు అయిపోయి, తెల్లటి బెరడు పొరలుపొరలుగా లేచే చెట్లు కనబడితే చెట్ల హద్దు దగ్గరపడినట్టే. అవే భూర్జపత్రం చెట్లు. జ్ఞాపకంగా బెరడు వొలవొద్దు, మన శేషాచలంలో ఎర్రచందనం ఎలాంటిదో అక్కడ అది అలాంటిది. చలిమంటకు కట్టెలూ ఏరకండి.

సాంక్రీ దాటాక ఫోను పలకదనే అనుకుంటాం. తిరిగి అక్కడికి చేరగానే మీ అమ్మకు చెయ్యి, తర్వాతే స్నానం.

నీ నాయన