అక్షరాల అట్టలకు ఏఆర్

సంపాదకులకు,

బెంగళూరులో ఆదివారం తెలుగు తరగతులకు ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) అట్టలు, అంటే ఫోన్ కెమెరా చూపితే తెరమీద బొమ్మ లేచి కనబడే అక్షరాల అట్టలు, అచ్చు వేయించేవారు మెరిసే లామినేషన్ వద్దనండి. ట్యూబ్‌లైట్ వెలుగు పడ్డచోట బొమ్మ తెల్లబోయి ఫోన్ గుర్తుపట్టదు. మ్యాట్ చాలు.

ఉత్త ‘అ’ ఒక్కటే పెద్దగా వేస్తే పని జరగదు. ఫోన్ వెతికేది మూలలూ, వెలుగునీడల తేడాలూ. పక్కన పళ్లూ ఆకులూ విడివిడిగా కనబడేలా అరటిగెల గీయించండి. అన్ని అట్టలకీ ఒకే ముగ్గు అంచు వేసి రంగు మాత్రం మారిస్తే తికమకే. ఇలాంటి యాప్‌లకు బొమ్మను గుర్తుపట్టి పెట్టే గూగుల్ సాఫ్ట్‌వేర్ ఏఆర్‌కోర్ రంగును లెక్కలోకి తీసుకోదు. దానికి ఫైలు కనీసం 300×300 పిక్సెళ్లు, అచ్చులో బొమ్మ 15×15 సెంటీమీటర్లు ఉండాలి. మొదటిసారి గుర్తుపట్టాలంటే బొమ్మ కెమెరా ఫ్రేములో పావువంతైనా నిండాలి. పిల్లలేమో చెయ్యి బారచాపి పట్టుకుని ‘రావట్లేదు టీచర్’ అంటారు! పల్చటి కాగితం వంగినా ఇదే తంతు, దళసరి అట్టే మేలు.

పదాన్ని మాత్రం యాప్‌లో దాచకండి, అట్టమీదే అచ్చు వేయించండి. ఫోన్ అందరిళ్లలో పిల్లల చేతికివ్వరు.

— కొందరు తెలుగు ఉపాధ్యాయులు, బెంగళూరు