2024–25 జమా ఖర్చుల వివరణ: మచిలీపట్నం స్థానిక చరిత్ర సంఘం సభ్యులకు, దాతలకు

సభ్యులకు, దాతలకు, మన పనిని గమనిస్తున్న బందరు ప్రజలకు నమస్కారం. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు సంఘానికి వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఇక్కడ రాస్తున్నాం. ఆడిటర్ సంతకం పెట్టిన లెక్క ఇదే. సభ్యులు ఎక్కువగా ప్రశ్నలడిగిన చోట కాస్త వివరంగా రాశాం.

ఏడాది మొదట్లో నిల్వ 1,18,640 రూపాయలు. ఏడాది చివర 1,36,400 (బ్యాంకులో 1,31,850, చేతిలో 4,550). ఈ రెండు అంకెలే చూస్తే సంఘం పరిస్థితి మెరుగుపడిందనిపిస్తుంది. కానీ చివరి నిల్వలో 59,300 రూపాయలు ఉప్పెన జ్ఞాపకాల పనికని (1977 ఉప్పెన చూసినవాళ్ళ మాటలు రికార్డు చేసే పని) దాతలు ప్రత్యేకంగా ఇచ్చినవి. ఆ డబ్బుతో అద్దె కట్టలేం, కరెంటు బిల్లు కట్టలేం. అది పక్కన పెడితే సంఘం సొంతంగా వాడుకోగలిగేది 77,100 మాత్రమే. అంటే మామూలు ఖాతాలో ఈ ఏడాది 41,540 రూపాయలు తరుగు వచ్చింది. సభ్యులు ముందుగా తెలుసుకోవలసింది ఇదే అని కార్యవర్గం అనుకుంటోంది.

జమల వివరం. 212 మంది సభ్యులు తలా 300 చొప్పున కట్టిన రుసుం 63,600. విరాళాలు 1,11,500. ఉప్పెన జ్ఞాపకాల నిధికి 1,60,000. ఊళ్ళోని పాత కట్టడాలపై వేసిన చిన్న పుస్తకం 340 ప్రతులు అమ్మితే 20,400. బ్యాంకు వడ్డీ 4,310. మొత్తం 3,59,810. ప్రారంభ నిల్వతో కలిపి 4,78,450. ఖర్చు 3,42,050.

ఖర్చులో పెద్ద భాగం ఉప్పెన జ్ఞాపకాలదే: 1,00,700. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసినవాళ్ళ మాటలను వాళ్ళ గొంతుతోనే రికార్డు చేయడం ఈ పని. ఆనాడు ఇరవై ఏళ్ళున్నవారికి ఇప్పుడు అరవై ఏడు దాటాయి. పిల్లల్ని చంకనెత్తుకుని తాడిచెట్టు పట్టుకున్న తల్లులు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. ఇంకో పదేళ్ళు ఆగితే అడగడానికి మనుషులుండరు. అందుకే మిగతా పనులు వెనక్కి నెట్టి దీన్ని ముందుకు తెచ్చాం. రికార్డరు, రెండు మైకులు 31,500. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకు బస్సులు, ఆటోలు, ఎదురుమొండి దీవికి పంటు (ఏరు దాటించే పడవ), భోజనాలు కలిపి 22,800. మిగిలిన 46,400 టైపు చేయించినందుకు. గంట రికార్డింగుకు 800 చొప్పున 58 గంటలకు ఇచ్చాం. ఈ రేటు ఎక్కువని ఇద్దరు సభ్యులు రాశారు. గంట మాటలు ఉన్నదున్నట్టు, దివిసీమ యాసతో సహా రాయడానికి ఒక మనిషికి రోజు పడుతుంది. ఏడుపు వచ్చి ఆగిపోయిన చోట ఆగినట్టే రాయాలి, ఊరి పేర్లు సరిచూడాలి. అంతకన్నా తక్కువకు ఆ పని అడగడం మాకు న్యాయంగా తోచలేదు.

పాత కాగితాలకు పెట్టిన ఖర్చు రెండోది. స్కానరు 38,000, రెండు హార్డ్‌డిస్కులు 11,600. ఆమ్లం లేని కాగితం, అట్టపెట్టెలు, కుంచెలు, తాటాకులకు పూసే నిమ్మగడ్డి నూనె కలిపి 27,900. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక చాలా కుటుంబాల్లో పాత గ్రామ లెక్కలు అటకెక్కాయి. ఈ ఏడాది కొన్ని కుటుంబాలు నమ్మి వాటిని మనకు స్కానింగుకు ఇచ్చాయి. పని కాగానే అసలు కాగితాలు రసీదు చూసుకుని వాళ్ళకే తిరిగి ఇచ్చేశాం. ఇంట్లో అలాంటివి ఉన్నవారికి ఒక్క విన్నపం: చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. కొన్నేళ్ళకు టేపు జిగురు కాగితంలోకి దిగి అక్షరాన్ని తినేస్తుంది. లామినేషన్‌ని మళ్ళీ విడదీయలేం.

గది అద్దె నెలకు 3,500 చొప్పున 42,000. కరెంటు 6,720. మధ్యాహ్నాలు గది తెరిచి వచ్చినవారికి కాగితాలు చూపించే సహాయకురాలికి నెలకు 5,000 చొప్పున 60,000. పుస్తకం 500 ప్రతుల అచ్చు 18,500. వాటిలో 120 బడుల లైబ్రరీలకు ఉచితంగా వెళ్ళాయి, 40 మిగిలాయి. 1864 నవంబరు 1 నాటి బందరు ఉప్పెనకు 160 ఏళ్ళయిన సందర్భంగా జరిపిన సభకు, నెలవారీ ప్రసంగాలకు కలిపి 24,350. హాలు, మైకు, టిఫిన్లు, వక్తల ప్రయాణ ఖర్చులు ఇందులోవే. ఒక్క రాత్రిలో సుమారు 30,000 మంది పోయిన రోజు కాబట్టి ఆ సభలో శాలువాలు, జ్ఞాపికలు వద్దనుకున్నాం. ఆడిటు, రిజిస్ట్రేషన్ దాఖలు 9,000. పోస్టేజీ, జిరాక్సు, బ్యాంకు చార్జీలు 3,280.

తీసుకోని డబ్బు గురించీ చెప్పాలి. డచ్ సమాధులకు సున్నం వేయించి, బోర్డు పెట్టించమని ఒక దాత 25,000 ఇవ్వజూపారు. ఆయన ప్రేమను గౌరవిస్తూనే వద్దన్నాం. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. 1958 చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడ మనం ఏ పనీ చేయకూడదు. పైగా చెక్కిన రాళ్ళ మీద సున్నం పడితే అక్షరాలు పూడిపోతాయి. ఆ రాళ్ళకు ఏ మేలు చేయాలన్నా తెలిసిన చేతులే చేయాలి. కంపలు, చెత్త గురించి మాత్రం శాఖకు ఉత్తరం రాశాం.

అలాగే అమెరికాలో స్థిరపడిన మన ఊరివాళ్ళు కొందరు డబ్బు పంపుతామన్నారు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే తీసుకోవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి దగ్గర మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. మనకు ఆ రెండూ లేవు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా ఇదే నియమం. వాళ్ళు తాతల నాటి ఫొటోలు, ఉత్తరాలు స్కాన్ చేసి పంపితే మాకు అంతే సంతోషం. 80జీ గుర్తింపు కూడా ఇంకా రాలేదు కాబట్టి మన రసీదులతో పన్ను మినహాయింపు దొరకదు. విరాళం ఇచ్చే ముందే ఈ సంగతి అందరికీ చెబుతున్నాం.

ఇక తరుగు మాట. స్కానరు ప్రతి ఏడూ కొనం, నిజమే. కానీ గది, కరెంటు, సహాయకురాలు కలిసి ఏటా 1,08,720 అవుతున్నాయి. సభ్యత్వ రుసుం అందులో 63,600కే సరిపోతోంది. మిగతాదానికి విరాళాల కోసం ఎదురుచూడాలి. విరాళాలు ఇచ్చేవారు పుస్తకానికో సభకో ఇష్టంగా ఇస్తారు గానీ గది అద్దెకు ఇవ్వాలని ఎవరికీ అనిపించదు. ఆ గది లేకపోతే మాత్రం కాగితాలు పెట్టుకోవడానికి చోటే ఉండదు. అందుకని రుసుం 300 నుంచి 500కు పెంచాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఇప్పుడున్న 212 మందీ కొనసాగితే 1,06,000 వస్తుంది. విద్యార్థులుగా కొత్తగా చేరేవారికి 100 చాలు. దీనిపై సర్వసభ్య సమావేశంలో ఓటు ఉంటుంది. పెంపు వద్దనేవారు ఏ ఖర్చు తగ్గించాలో కూడా చెబితే మేలు.

వోచర్లు, రసీదు పుస్తకాలు, బ్యాంకు పాస్‌బుక్ సమావేశం వరకు మన గదిలోనే ఉంటాయి. మధ్యాహ్నం గది తెరిచి ఉన్నప్పుడు సభ్యులు, దాతలు ఎవరైనా వచ్చి చూడవచ్చు.

కార్యవర్గం తరఫున,
కోశాధికారి